పడుకోబెడితే మాయమయ్యే నొప్పి

బెంగళూరులో దేనికి డాక్టరు లేడో చెప్పండి చూద్దాం. మారతహళ్లి బ్రిడ్జి దిగి నాలుగడుగులు వేస్తే రాలిపోయిన జుట్టును మళ్లీ నాటేవాళ్లు వరసగా కనిపిస్తారు. కుక్కపిల్ల కుంటితే దానికో ఎముకల నిపుణుడున్నాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెడ పట్టేసిన కుర్రాడి దగ్గరికి ఫిజియోథెరపిస్టు ఆఫీసుకే వస్తాడు. అరవై దాటిన ఆడమనిషి పొత్తికడుపులో నొప్పి అంటే మాత్రం ఊరు ఊరంతా కలిసి ఒక్క వైద్యుడినే చూపిస్తుంది. ఆ మహానుభావుడి పేరు వయసు. ఫీజు లేదు, అపాయింట్‌మెంటు అక్కర్లేదు. "వయసైంది కదమ్మా" అనేసి పంపిస్తాడు. ఆయన చేతి వైద్యానికి తిరుగులేదు. రెండోసారి ఎవరూ వెళ్లరు.

ఆయన పేషెంట్లను మీరు చూసే ఉంటారు. వైట్‌ఫీల్డ్ టవర్లలో, మున్నేకొళాల అపార్ట్‌మెంట్లలో, బెళ్లందూరు గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటారు. మదనపల్లె నుంచో, ధర్మవరం నుంచో, నెల్లూరు నుంచో మనవడిని చూసుకోవడానికి "ఓ రెండు నెలలు" అని వచ్చి, వాడు ఆరో క్లాసుకి వచ్చినా తిరిగి వెళ్లలేకపోయిన అమ్మలు. పొద్దున ఐదున్నరకు ఆమె స్టవ్ ముందు నిలబడుతుంది. మనవడికి స్నాక్స్ డబ్బా ఒకటి, లంచ్ డబ్బా ఒకటి. కొడుక్కి దోసె, కోడలికి ఓట్స్. గిన్నెలో అడుగున మిగిలిన పిండితో తనకో చిన్న అట్టు. దాన్నీ నిలబడే తింటుంది, కూర్చుంటే మళ్లీ లేవాలి కదా అని. తర్వాత స్కూలు వ్యాను కోసం గేటు దగ్గర నిలబడుతుంది. కూరగాయల బండి దగ్గర నిలబడుతుంది. సాయంత్రం పిల్లల పార్కులో ఊయల పక్కన నిలబడుతుంది. అక్కడ బెంచీలున్నాయి గానీ వాటి మీద ఫోన్లు చూసుకునేవాళ్లుంటారు. పొద్దుగూకేసరికి పొత్తికడుపు అడుగున, చాలాసార్లు ఎడమవైపు, మొండిగా లాగుడు మొదలవుతుంది. తొడల వెనక, ఇంకా చెప్పుకోలేని చోట కూడా, నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి. మంచం మీద నడుం వాలిస్తే ఓ అరగంటకి సర్దుకుంటుంది.

ఈ ఆఖరి ముక్క నోరుజారి బయటికి చెప్పడంతోనే ఆమె కేసు ఓడిపోయింది. పడుకుంటే తగ్గేది కూడా ఒక నొప్పేనా అంటుంది ఇల్లు. కొడుకు మంచివాడే, ఫ్రిజ్ మీది డబ్బాలోంచి పాన్ ఫార్టీ తీసి ఇస్తాడు. తెలుగింట్లో గుండెపోటుకైనా గుబులుకైనా మొదటి మాత్ర అదే.

నెలరోజులు అలా గడిచాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఏ ఆస్పత్రి అని అడక్కండి, ఏదైనా ఒకటే.

"ఆంటీకి ఏంటి ప్రాబ్లెం?" అని డాక్టరు కొడుకును అడుగుతాడు.

రోజుకు పది గంటలు ఆఫీసులో, రెండు గంటలు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉండే కొడుకు తల్లి కడుపు గురించి సాధికారంగా జవాబిస్తాడు. "గ్యాస్ సార్. టైముకి తినదు."

"సాయంత్రమైతే లాగతాది నాయనా. పండుకుంటే తగ్గుతాది" అంటుందామె, మధ్యలో దూరి.

"టెన్షన్లు ఏమన్నా ఉన్నాయామ్మా ఇంట్లో?"

పక్కన కొడుకు, వెనక కుర్చీలో కోడలు. ఏం చెప్తుంది? నవ్వుతుంది. డాక్టరు ఏదో రాసుకుంటాడు. నరాలు ఉబ్బిన చోటు సంగతి కొడుకు ముందు నోటికి రాదు, కొడుకును కాసేపు బయట కూర్చోమని చెప్పాలన్న ఆలోచన డాక్టరుకు రాదు. కడుపు స్కానింగ్ రాస్తారు. చల్లటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద జెల్ రాసి, అటూ ఇటూ తిప్పి చూస్తారు. అంతా నార్మల్. అందరూ సంతోషిస్తారు. రిపోర్టు ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి, ఆమె మళ్లీ స్టవ్ ముందుకి.

ఇప్పుడు కాస్త శరీరశాస్త్రం తప్పదు. కాళ్ల నుంచి, పొత్తికడుపు నుంచి చెడురక్తం పైకి, గుండె వైపు ఎక్కాలి. కిందికి జారిపోకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. వన్‌వే అన్నమాట. వన్‌వే బోర్డు ఉన్నంత మాత్రాన బండ్లన్నీ ఒకే వైపు వెళ్తాయని బెంగళూరు వాళ్లెవరూ నమ్మరు కాబట్టి మిగతాది చెప్పడం తేలిక: కవాటం బిగువు పోయిందంటే రక్తం రాంగ్‌సైడులో దిగుతుంది, దిగి గర్భసంచి చుట్టూ, అండాశయాల చుట్టూ జామైపోతుంది. సిరలు ఉబ్బుతాయి, మెలికలు తిరుగుతాయి. కుడి అండాశయపు సిర నేరుగా పొట్టలోని పెద్ద సిరలో ఏటవాలుగా కలుస్తుంది. ఎడమది మాత్రం పైదాకా పోయి మూత్రపిండపు సిరలో అడ్డంగా గుద్దుకుంటుంది. అందుకే ఎడమవైపు తిప్పలెక్కువ. గర్భంతో ఉన్నప్పుడు ఈ సిరలు మామూలు కంటే అరవై రెట్ల దాకా ఎక్కువ రక్తాన్ని మోస్తాయి. నలుగురిని కన్న తల్లి సిరలు నాలుగుసార్లు సాగాయి. సాగినవన్నీ తిరిగి ముడుచుకోవాలని చట్టమేం లేదు.

దీన్ని పెల్విక్ కంజెషన్ సిండ్రోమ్ అన్నారు, ఇప్పుడు పెల్విక్ వీనస్ డిజార్డర్స్ అంటున్నారు. దాని స్వభావమే అది: నిలబడితే సిరలు నిండుతాయి, నొప్పి వస్తుంది, పడుకుంటే ఖాళీ అవుతాయి, నొప్పి పోతుంది. అలాంటిదాన్ని పట్టుకోవడానికి మనం కనిపెట్టిన పద్ధతి, మనిషిని పడుకోబెట్టి చూడటం! లాప్రోస్కోపీలో ఇంకో మెట్టు పైకెళ్తాం. తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా టేబుల్ వంచి, పొట్టలోకి గ్యాస్ నింపి, ఉన్న కొద్దిపాటి ఉబ్బునూ అణిచేసి, అప్పుడు కెమెరాతో వెతుకుతాం. ఏమీ కనిపించదు. కనిపించలేదు కాబట్టి ఏమీ లేదు. దొంగను వీధి చివరిదాకా సాగనంపి వచ్చి ఇల్లు సోదా చేసే ఈ పద్ధతికి వైద్యశాస్త్రంలో మంచి పేరే ఉంది.

పోనీ, కొత్త జబ్బు, ఇంకా ఎవరికీ తెలియదు అనుకుందామా? ఫ్రాన్సులో రిషే అనే ఆయన కటిభాగపు సిరలు ఉబ్బడం గురించి రాసింది 1857లో. ఇక్కడ సిపాయిలు తిరగబడిన ఏడాది. ఆ తర్వాత సామ్రాజ్యం వచ్చింది, పోయింది. 1949లో న్యూయార్క్ డాక్టరు హోవర్డ్ టేలర్ ఆ భాగంలో రక్తం పేరుకోవడం నిజమేనని రాస్తూనే, దాని వెనక మానసిక ఒత్తిడి ఉందన్నాడు. మన డాక్టరు గారు "టెన్షన్" అని రాసుకున్నారంటే ఆయన విజ్ఞానం 1949 దాకా వచ్చి ఆగిందన్నమాట. తక్కువేం కాదు, చాలా ఇళ్లలో అక్కడిదాకా కూడా రాలేదు. 1984లో లండన్ డాక్టరు బియర్డ్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో రాశారు: ఏళ్ల తరబడి పొత్తికడుపు నొప్పి అంటూ, లాప్రోస్కోపీలో ఏ కారణమూ దొరకని ఆడవాళ్ల సిరల్లోకి రంగుమందు పంపి ఎక్స్‌రే తీస్తే చాలామందిలో ఉబ్బిన సిరలు కనిపించాయని. "ఏమీ లేదు" అని పంపేసిన వాళ్లలో ఏదో ఉందని తేలిన రోజది. 1993లో ఆ సిరలను లోపలి నుంచే మూసేసే చికిత్స మొదలైంది. 2021లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని లక్షణాలు, ఉబ్బిన చోటు, అసలు కారణం అంటూ ఓ వర్గీకరణ కూడా ఖరారు చేశారు. ఇంతా అయ్యాక 2020ల బెంగళూరులో, ప్రపంచంలోని సగం కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ఊళ్లో, ఆమెకు దొరికింది పాన్ ఫార్టీ.

ఈ సిర సంగతి మన దేశానికి తెలియకేం కాదు. బ్రహ్మాండంగా తెలుసు, కాకపోతే అది మగవాడిలో ఉండాలి. మగపిల్లాడి వృషణం నుంచి పైకెళ్లేది కూడా ఆ జాతి సిరే. అక్కడా ఎడమవైపుది మూత్రపిండపు సిరలోనే అడ్డంగా కలుస్తుంది, అక్కడా కవాటాలు పాడైతే ఉబ్బుతుంది. దాని పేరు వేరికోసీల్. గుంటూరులోనో కడపలోనో ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లిన ఏ కుర్రాడినైనా అడగండి, ఆ మాట చెప్తాడు. పరుగులో గెలిచి, మెడికల్‌లో దాని వల్ల ఆగిపోయినవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ముందే ఆపరేషన్ చేయించుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలుసా? నిలబెట్టి! నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమని, అప్పుడు చేత్తో తడిమి చూస్తారు. పడుకోబెడితే ఉబ్బు పోతుందని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. పంతొమ్మిదేళ్ల కుర్రాడి సిర ఉబ్బితే దేశ రక్షణకు ముప్పు కాబట్టి నిలబెట్టి చూస్తాం. అరవై రెండేళ్ల తల్లిది ఉబ్బితే ఎవరికి ముప్పు? మహా అయితే సాయంత్రం చపాతీలు స్విగ్గీలో వస్తాయి.

పుస్తకాలు చదివిన డాక్టరు దగ్గర ఇంకో సమాధానం ఉంటుంది. నెలసరి ఆగాక హార్మోన్లు తగ్గుతాయి, సిరలు ముడుచుకుంటాయి, నొప్పి దానంతటదే పోతుంది అని పుస్తకంలో ఉంది. చాలామందిలో నిజమే కూడా. ఈమెకు పోలేదు. అలాంటప్పుడు పుస్తకాన్ని అనుమానించాలా, ఆమెనా? మన సంప్రదాయం ఏం చెప్తుందో మీకు తెలుసు. కానీ సిర ఉబ్బడానికి హార్మోన్ ఒక్కటే కారణం కాదు. ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిరను కుడివైపు వెళ్లే ధమని వెన్నెముక మీదికి అదిమేస్తే దారి ఇరుకై, రక్తం వెనక్కి తన్ని పొత్తికడుపులో పేరుకుంటుంది. మే, థర్నర్ అనే ఇద్దరు 1957లోనే దీన్ని వివరించారు. నెలసరి ఆగినంత మాత్రాన ఆ ధమని పక్కకు జరగదు. వయసు మీరిన వాళ్లలో ఈ నొక్కుడు ఉందేమో ముఖ్యంగా చూడాలి. అయితే ఒకటి: ఆ వయసులో కొత్తగా పొత్తికడుపు నొప్పి వచ్చినా, పొట్ట ఉబ్బరంగా ఉన్నా, ఆగిన నెలసరి మళ్లీ మరకగా కనిపించినా ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి, సిరల గొడవ ఆ తర్వాత. ఇది వ్యంగ్యం కాదు.

ఇంతలో పక్కింటి పిన్నిగారు సలహా ఇస్తారు. "గర్భసంచి తీయించేసుకోవే, పీడా పోతుంది." ఈ విద్యలో మనల్ని మించినవాళ్లు దేశంలో లేరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21 నాటిది, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లను అడిగితే దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నట్టు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది. ఒలింపిక్స్‌లో లేదు గానీ, ఉంటే రెండు పతకాలూ మనవే. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేకుండా చేసిన ఆపరేషన్ల గుట్టు బయటపెట్టి పదిహేనేళ్లు దాటింది. కర్ణాటక వెనకబడిపోతుందేమో అనుకోకండి, కలబురగి లంబాణి తండాల ఆడవాళ్ల కథ 2015లో పత్రికల్లో వచ్చింది. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కల్పించుకుని, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలకు చెప్పాల్సివచ్చింది. ఒక అవయవాన్ని మనిషి దగ్గర ఉంచుకోవడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం కావాలి!

అందులో సిరల వల్ల నొప్పితో వెళ్లినవాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు గనక? సంచి తీసేస్తే, పైన కవాటం పాడైన సిర అలాగే ఉంటుంది, ధమని కింద నలిగే సిర అలాగే నలుగుతుంది. ఆపరేషన్ అయిన ఏడాదికి ఆమె మళ్లీ "లాగతాది నాయనా" అంటే, ఈసారి జవాబు సిద్ధంగా ఉంటుంది: "అక్కడ ఇంకేముందమ్మా లాగడానికి?"

అపార్ట్‌మెంటు అత్తగార్లకైనా ఓ మంచం ఉంది, మధ్యాహ్నం వాలొచ్చు. తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే పౌరకార్మికుల సంగతేంటి? ఈ ఊరి చెత్త ఊడ్చేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు. వాళ్లు ఒక్కసారి గట్టిగా కూర్చున్నది 2022 జులైలో ఫ్రీడం పార్కులో, ఉద్యోగాలు పర్మనెంటు చేయమని. దాంతో ఊరు కంపు కొట్టింది, నాలుగు రోజులకే ప్రభుత్వం దిగొచ్చింది. బట్టల షాపుల్లో పన్నెండు గంటలు నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయిలు కూడా ఓ ముప్పై ఏళ్లకు ఈ క్యూలోకి వచ్చేవాళ్లే. పనిచోట కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో మార్చింది. కూర్చోవడానికి చట్టం! నవ్వొస్తుంది, కానీ షాపుకెళ్లి చూడండి, గద్దె మీద కూర్చున్నది ఎవరో.

ఇక రెండో రకం మనుషులు. నొప్పే లేదన్నవాళ్లు ఒక వైపు ఉంటే, నొప్పి లేకపోయినా చికిత్స ఉందనేవాళ్లు ఇంకో వైపు. ఫ్లైఓవర్ స్తంభాల మీద లేజర్ తో నరాల ఉబ్బు మాయం అని బోర్డులు పెట్టేది వీళ్లే. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతున్నారు. స్కానులో అండాశయపు సిర ఆరు మిల్లీమీటర్లు దాటిందా, ప్యాకేజీ. పెద్ద సిర కాస్త నొక్కుకుందా, స్టెంటు. ఏ నొప్పీ లేని ఆడవాళ్లలోనూ ఉబ్బిన సిరలు కనిపిస్తాయన్న సంగతి బ్రోషర్‌లో ఉండదు. మే, థర్నర్ చూసినవి 430 శవాలు. వాటిలో నూటికి ఇరవై రెండింట్లో సిర లోపల ఆ నొక్కుడు గుర్తులు కనిపించాయి. అంత మామూలుగా కనిపించేదాన్నల్లా తెరిచి స్టెంటు వేయాలంటే ఈ ఊళ్లో తీగ చాలదు. ఉబ్బిన సిర కనిపించడం వేరు, నొప్పి దానివల్లే రావడం వేరు. రెండూ ఆమె చెప్పే కథతో కలవాలి: ఎప్పుడొస్తుంది, ఎంతసేపు నిలబడితే వస్తుంది, పడుకుంటే ఎంతలో పోతుంది, ఎందరిని కన్నది. కథ వినడానికి పావుగంట పడుతుంది. ప్యాకేజీలో ఆ పావుగంటకు కోడ్ లేదు.

నిజంగా కలిసినప్పుడు మాత్రం వైద్యం అంత భయంకరమేమీ కాదు. మెడ దగ్గరో గజ్జ దగ్గరో సిరలోకి సన్నటి గొట్టం పంపి, పాడైన సిరలో లోహపు చుట్టలు పెట్టి, మందు ఎక్కించి మూసేస్తారు. సాధారణంగా మత్తు ఆ చోటికే ఇస్తారు, చాలామంది ఆ రోజో మర్నాడో ఇంటికెళ్తారు. రక్తం మంచి సిరల దారి పట్టుకుంటుంది. దీని మీద పెద్ద పెద్ద తులనాత్మక పరీక్షలు ఇంకా తక్కువే, అందరికీ పూర్తిగా తగ్గుతుందని ఎవరైనా అంటే లేచి రావడం మంచిది. చేసేవాళ్లు లేక కాదు. రక్తనాళాల కోసమే వసంతనగర్‌లో జైన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాస్క్యులర్ సైన్సెస్ ఉంది, పెద్ద ఆస్పత్రులన్నింట్లో వాస్క్యులర్ సర్జన్లు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు ఉన్నారు. స్త్రీల డాక్టరు గది నుంచి వాళ్ల గదికి మధ్య ఒక్క చీటీ దూరం. ఆ చీటీ రాయాలంటే ముందు గ్యాస్, తర్వాత టెన్షన్, తర్వాత వయసు, తర్వాత గర్భసంచి అన్నీ అయిపోవాలి. అప్పటికి మనవడు ఇంజనీరింగ్‌లో చేరుతాడు.

ఇదంతా చదివి ఓ అమ్మ ధైర్యం చేసిందనుకోండి. కొడుకును బయట కూర్చోబెట్టి, డాక్టరుతో విడిగా మాట్లాడి, సిరల కోసం డాప్లర్ స్కాన్ రాయించుకుని, స్కానింగ్ సెంటరు కౌంటర్ ముందు నిలబడింది. "నన్ను నిలబెట్టి చూడండమ్మా. సాయంత్రం పూట రమ్మంటారా? నొప్పి అప్పుడే వస్తాది."

కౌంటర్ వెనకున్న అమ్మాయి కంప్యూటర్ లోంచి తల ఎత్తదు. "సాయంత్రం కుదరదు ఆంటీ. రేపు పొద్దున ఏడింటికి, ఖాళీ కడుపుతో రండి. పడుకుంటే పది నిమిషాల్లో అయిపోతుంది."